మన పల్లె జ్వరం ఏ కాగితం మీద ఉంది?

పోలీసు స్టేషన్లో ఎఫ్‌ఐఆర్ రాయించుకోటం ఎంత కష్టమో మనకెవరూ చెప్పక్కర్లేదు. దెబ్బలు తిన్నోడు బెంచీ మీద కూచునుంటాడు, రైటరు పెన్ను తియ్యడు. తెల్లారేలోపు ఊరి పెద్దమనుషులు దిగబడి రాజీ మాటలు మొదలుపెడతారు. కాగితం మీద పడకపోతే ఆ దెబ్బ తగల్నట్టే లెక్క. కారంచేడు, చుండూరు తర్వాత ఈ సంగతి మనకి బాగా తలకెక్కింది. ఎస్సీ ఎస్టీ కాని ఉద్యోగి తన విధి కావాలని నిర్లక్ష్యం చేస్తే 1989 అట్రాసిటీ చట్టం 4వ సెక్షన్ కింద వాడికీ శిక్ష ఉందని ఇయ్యాల మన కుర్రోళ్లు ఎస్సై మొహం మీద చెప్పగలుగుతున్నారు.

అట్లాంటి కాగితమే ఇంకోటుంది. దాన్ని మనం ఇంతవరకు ఎక్కడా అడగలేదు. అడగాలని కూడా మనకి తెలీదు. మన పల్లెలో ఎంతమందికి జ్వరమొచ్చింది, ఎన్నిళ్లలో వాంతులు విరేచనాలు పట్టుకున్నాయి, ఎవరికి పచ్చకామెర్లొచ్చాయి అని సబ్ సెంటరు ఏఎన్‌ఎం రాయాల్సిన కాగితం అది. రాయటం ఆమె దయ కాదు, ఉద్యోగంలో భాగం. రాస్తున్నారా? రాసేది సరిగ్గా రాస్తున్నారా? అసలు ఎందుకు రాయాలో రాసేవాళ్లకి తెలుసా?

ముందు ఆ ఏర్పాటు ఎట్లా ఉందో చెప్పుకుందాం. 2004 నవంబరులో కేంద్ర ప్రభుత్వం అంటురోగాల నిఘా పథకం ఒకటి మొదలుపెట్టింది. ఆఫీసుల్లో ఐడీఎస్‌పీ అంటారు. అందులో మూడు ఫారాలు. ఎస్ ఫారం కింది ఉద్యోగి నింపాలి, అంటే మన ఏఎన్‌ఎం. పీ ఫారం డాక్టరు నింపాలి. ఎల్ ఫారం లేబరేటరీ వాళ్లు నింపాలి. మొదట్లో వారం వారం కాగితాల మీద పోయేవి. 2021 నుంచి ఐహెచ్‌ఐపీ అని కంప్యూటరు పద్ధతి పెట్టారు, ఫోన్లోనే ఎక్కించాలి. సబ్ సెంటరు పేరు కూడా మారి ఇప్పుడు ఆయుష్మాన్ ఆరోగ్య మందిరం అయింది. బోర్డు మారింది గానీ బాధ్యత అదే.

ఎస్ ఫారంలో గొప్ప సంగతి ఒకటుంది. దాన్ని నింపటానికి రోగం పేరు తెలియక్కర్లేదు. రక్తపరీక్ష అక్కర్లేదు. కంటికి కనపడే లక్షణం చాలు. జ్వరమొచ్చి వారం లోపా, వారం దాటిందా? జ్వరంతో పాటు ఒంటిమీద దద్దుర్లున్నాయా, రక్తం పడుతోందా, మనిషి మాట తేడాగా ఉందా? దగ్గు మూడు వారాలు దాటిందా? నీళ్ల విరేచనాలా? కామెర్లా? పదిహేనేళ్ల లోపు పిల్లకి ఉన్నట్టుండి కాలో చెయ్యో పడిపోయిందా? ఆఖర్న ఒక గడి: ఇదేమిటో అంతుబట్టని జబ్బుతో మనిషి చచ్చిపోయినా, ఆస్పత్రి పాలయినా అది కూడా రాయాలి. ఇవన్నీ మన ముసలమ్మలు చెట్టు కింద కూచుని చెప్పే లెక్కలే. సర్కారు వాటికి గడులు కట్టింది, అంతే.

ఆ లెక్క ఒక హద్దు దాటితే పైవాళ్లు కదలాలని కూడా రాసిపెట్టారు. వెయ్యి జనాభాలో పదిళ్లకి మించి విరేచనాలు కనపడ్డా, అయిదేళ్లు దాటిన మనిషి విరేచనాలతో ఒళ్లు బాగా ఎండిపోయినా, చనిపోయినా అది హెచ్చరిక కిందే లెక్క. వేరువేరు ఇళ్లలో ఇద్దరికి మించి కామెర్లొస్తే హెచ్చరిక. పిల్లకి కాలు పడిపోతే ఒక్క కేసు చాలు. అప్పుడు డాక్టరు రావాలి, జిల్లా నుంచి బృందం రావాలి, నీళ్లు పట్టుకెళ్లాలి, మలం పరీక్షకి పంపాలి, క్లోరిను కలపాలి, పగిలిన పైపు వెతకాలి. పదకొండిళ్లు. మనలో సంతకం రానివాళ్లు కూడా పదకొండు లెక్కపెట్టగలరు.

ఆ పదకొండిళ్లు ఎక్కడుంటాయి? ఊరి పటం గీసి చూడండి. ట్యాంకు ఊళ్లో ఉంటుంది. పైపు ముందు పెద్దకులపోళ్ల బజార్లలో తిరిగి, ఆఖరికి మురుక్కాలవ పక్కనుంచి మన పల్లెకొస్తుంది. నీళ్లు రోజుకి గంటో అరగంటో వదుల్తారు. నీళ్లు నడిచేటప్పుడు పైపు నిండా ఒత్తిడుంటుంది కాబట్టి బయట మురుగు లోపలికి రాదు. కట్టేసినాక పైపు ఖాళీ. ఎక్కడ పగులుంటే అక్కడ మురుగును లోపలికి పీల్చుకుంటుంది. మర్నాడు పంపు తిప్పగానే మొదటి బిందెలో వచ్చేది అదే. పైపు చివర ఎవరుంటే వాళ్లకే అది ఎక్కువ. 1927 మార్చిలో మహద్ చెరువు దగ్గర బాబాసాహెబ్ దోసిలి పట్టింది నీళ్ల కోసమే. ఇప్పుడు మనల్ని చెరువు దగ్గర ఆపేవాడు లేకపోవచ్చు, పైపు మాత్రం ఇంకా ఊరి తర్వాతే మనల్ని గుర్తుపెట్టుకుంటోంది.

అంటే ఎస్ ఫారం సక్రమంగా నింపితే ముందుగా కనపడేది మన పల్లెల పేర్లే. ఏ వాడలో ఏ నెలలో ఎన్ని విరేచనాలో అయిదేళ్ల లెక్క ఒక్కచోట పెట్టామనుకోండి, దానంత గట్టి సాక్ష్యం ఏ సభలోనూ ఏ నాయకుడూ చెప్పలేడు. కాలవ కట్టమని కలెక్టరాఫీసు ముందు ధర్నాకి కూచుంటే ‘నిధుల్లేవు’ అంటారు. ‘మీ సొంత రిపోర్టు ప్రకారమే ఈ వీధిలో వరసగా మూడు వానాకాలాలు జనం మంచాన పడ్డారు’ అంటే ఏమంటారు?

అందుకే ఆ లెక్క నిజంగా రాయటం చాలామందికి ఇష్టముండదు.

మా మండలంలో ఒక ఏఎన్‌ఎం ఉంది. మన పిల్లే. కష్టపడి చదువుకుని ఉద్యోగం తెచ్చుకుంది. మొన్న వానాకాలం ‘ఏమ్మా, మన పల్లెలో పన్నెండిళ్లలో విరేచనాలయ్యాయి గదా, ఎక్కించావా?’ అనడిగాను. ‘రాస్తే డాక్టరుగారికి ఫోనొస్తది మాస్టారూ, ఆయన నామీద పడతారు. ముందే ఎందుకు చూసుకోలేదు, బ్లీచింగు ఎందుకు చల్లించలేదు అని నాకే మెమో. అందుకని ఇద్దరో ముగ్గురో అని వేస్తాం’ అంది. ‘పదిళ్లు దాటితే హెచ్చరిక అని నీకు చెప్పారా?’ అంటే ‘ఫోన్లో ఎక్కడ నొక్కాలో చెప్పారు మాస్టారూ, ఇది చెప్పలేదు’ అంది.

ఆ పిల్లని తిట్టబుద్ధి కాలేదు నాకు. మైదాన ప్రాంతంలో ఒక సబ్ సెంటరుకి అయిదు వేల జనాభా అని లెక్క. బాలింతలు, టీకాలు, బీపీలు, షుగర్లు, ఒక్కోదానికి ఒక్కో యాప్. ఆమె కింద ఆశా కార్యకర్త. మన రాష్ట్రంలో ఆమెకిచ్చే గౌరవ వేతనం 2019లో పదివేలు చేశారు. ఇంటింటికీ తిరిగి రోగం కనిపెట్టేది ఈ ఇద్దరాడవాళ్లే, తిట్లు పడేదీ వాళ్లే. రోగం కనిపెట్టినందుకు మెచ్చుకోవాల్సింది పోయి మెమో ఇచ్చే చోట ఎవరు మాత్రం కనిపెడతారు? పైన కూచున్న దొరలకి సున్నాలు కావాలి. సున్నాలు పంపేవాళ్లు మంచి ఉద్యోగులు.

పోనీ వీళ్లకి చేతకాదా అంటే, పోలియో సంగతి చూడండి. పదిహేనేళ్ల లోపు పిల్లకి ఒక్కసారిగా కాలు చచ్చుబడితే చాలు, అది పోలియోనా కాదా అని చూడకుండా రాయాలి, పద్నాలుగు రోజుల్లోపు రెండుసార్లు మలం తీసి పరీక్షకి పంపాలి అని ప్రతి ఏఎన్‌ఎంకీ నూరిపోశారు. రాయకపోతే తప్పు, రాస్తే తప్పులేదు అన్నారు. మన గుడిసెల్లోకి కూడా వంగి వచ్చి చూశారు. దేశంలో ఆఖరి పోలియో కేసు 2011 జనవరిలో హౌరా జిల్లాలో బయటపడింది, 2014 మార్చిలో దేశానికి పోలియో లేదని సర్టిఫికెట్ వచ్చింది. అవే చేతులు, అవే సబ్ సెంటర్లు. పై నుంచి నిజంగా అడిగితే కింద నిజమే రాశారు. మన విరేచనాల లెక్క అట్లా ఎవరడిగారు?

చట్టాలకేం కొదవలేదు. 1897 ఫిబ్రవరిలో తెల్లవాడు అంటురోగాల చట్టం చేశాడు, బొంబాయి ప్లేగు భయంతో. ఆ తర్వాతి నెలలోనే పుణెలో సావిత్రిబాయి ఫూలే ప్లేగుతో పోయింది. ప్లేగు తగిలిన మహర్ పిల్లాణ్ణి మోసుకుని కొడుకు యశ్వంత్ నడిపే వైద్యశాలకి తెచ్చి, తను అంటించుకుంది. చట్టం చేసినవాళ్లు సోల్జర్లను ఇళ్ల మీదికి పంపారు, ఆమె రోగిని ఎత్తుకుంది. ఆంధ్ర ప్రాంతానికి 1939 నాటి మద్రాసు ప్రజారోగ్య చట్టం కూడా ఉంది. అంటురోగం సంగతి తెలిస్తే చెప్పాల్సిన బాధ్యత డాక్టరు మీదే కాదు, ఫ్యాక్టరీ మేనేజరు మీదా ఇంటి యజమాని మీదా కూడా పెట్టింది.

టీబీ సంగతి మనకింకా దగ్గరది. 2012 మే 7న టీబీని తప్పనిసరిగా తెలపాల్సిన రోగంగా ప్రకటించారు. 2018 మార్చిలో గెజిట్ ఇచ్చి, ప్రైవేటు డాక్టర్లే కాదు, లేబరేటరీలు, టీబీ మందులమ్మే షాపులు కూడా తెలపాలన్నారు. తెలపకపోతే శిక్షాస్మృతి 269, 270 సెక్షన్లు వర్తిస్తాయన్నారు. ఆ సెక్షన్లు 2024 జులై నుంచి భారతీయ న్యాయ సంహితలో 271, 272 అయ్యాయి. మొదటిదానికి ఆరు నెలల దాకా, రెండోదానికి రెండేళ్ల దాకా జైలు. ఇంత చట్టం ఉందని తెలిసిన ఆరెంపీని నేను మా చుట్టుపక్కల ఒక్కణ్ణి కూడా చూళ్లేదు. మందుల షాపువాళ్లయితే నవ్వారు.

తెలపకపోతే ఎవరికి నష్టం? బేల్దారి పనికి పోయే మనిషికి రెండు నెలలుగా దగ్గు. ఆరెంపీ సూదులేస్తాడు. తగ్గకపోతే టౌనుకి పంపుతాడు. అక్కడ ఎక్స్‌రే తీసి మందులు రాస్తారు, పేరు మాత్రం సర్కారుకి తెలపరు. చేతిలో డబ్బులున్నన్నాళ్లు మందులు కొంటాడు, కాస్త తేరుకోగానే ఆపేసి పనికి పోతాడు. సగంలో ఆపిన టీబీ మందులకి లొంగని మొండిరోగమై తిరిగొస్తుంది, ఇంట్లో పిల్లలకీ అంటుకుంటుంది. అదే పేరు నిక్షయ్‌లో ఎక్కితే మందులు ఉచితం, ఇంట్లోవాళ్లకి పరీక్షలు, పౌష్టికాహారానికి బ్యాంకులో డబ్బులు. 2018 ఏప్రిల్ నుంచి నెలకి అయిదొందలు, 2024 నవంబరు నుంచి వెయ్యి. ఆరు నెలల వైద్యానికి ఆరు వేలు. ఒక్క గీత రాయనందుకు కూలోడు పోగొట్టుకునేది ఇదంతా.

గీత రాయకపోతే ఏమవుతుందో కరోనా బాగా చూపించింది. పోయినవాళ్ల కుటుంబాలకి యాభై వేలివ్వమని సుప్రీంకోర్టు 2021లో ఆదేశించింది. 2022 జనవరిలో కోర్టు ముందుకొచ్చిన లెక్కల్లో మన రాష్ట్రం ఒప్పుకున్న చావులు 14 వేల పైచిలుకు. పరిహారానికి వచ్చిన అర్జీలు దానికి రెట్టింపు దాటాయి. ఆ తేడాలో ఉన్న మనుషులు ఎవరు? పరీక్ష చెయ్యకుండానే పోయినవాళ్లు, ‘గుండె ఆగి’ అని రాయించుకున్నవాళ్లు. ఆస్పత్రి కాగితం లేని విధవరాళ్లు ఆఫీసుల చుట్టూ ఎట్లా తిరిగారో చూశాం.

2024 అక్టోబరులో విజయనగరం జిల్లా గుర్లలో విరేచనాలు ప్రబలి జనం పోయారు. ఎంతమంది అన్నదాని మీద పేపర్లది ఒక లెక్క, అధికార్లది ఒక లెక్క. పోయినవాళ్లకి ముందే వేరే జబ్బులున్నాయన్నారు. జబ్బులుంటే మాత్రం మురుగునీళ్లు తాగి చావాలా? 2025లో గుంటూరు పక్కన తురకపాలెంలో జులై, ఆగస్టు నెలల్లో ఒకరి వెనకాల ఒకరు జ్వరంతో పోయారు. చావులు రెండంకెలు దాటి సెప్టెంబరులో పేపర్లకెక్కినాకే పెద్ద యంత్రాంగం దిగింది. మట్టిలో, బురదనీళ్లలో ఉండే క్రిమితో వచ్చే మెలియాయిడోసిస్ అని అనుమానించారు. షుగరున్నవాళ్ల మీద అది గట్టిగా దాడి చేస్తుంది. రోగం పేరు ఏదైనా కానీ, అంతుబట్టని జబ్బుతో చావు అని ఎస్ ఫారంలో గడి ఉందని చెప్పాను గదా. ఆ గడి పెట్టిందే ఇట్లాంటిదాని కోసం. మొదటి రెండు మూడు చావులప్పుడు అందులో ఏం రాశారు అన్నది తురకపాలెం జనం అడగాల్సిన ప్రశ్న. మనమందరం అడగాల్సిన ప్రశ్న.

మనవాళ్లలోనే ఒక మాట వినపడుతుంది. ‘రాయిస్తే రేపు ఊరోళ్లు రోగం పల్లెలోంచే వచ్చిందంటారు. పాలు పోయించుకోరు, పనికి పిలవరు. ఎందుకొచ్చిన గొడవ’ అని. ఈ భయం ఉత్త భయం కాదు. అంటరానితనం అనుభవించిన వాళ్లకి అంటురోగం అనే మాట రెండుసార్లు గుచ్చుకుంటుంది. 1897లో పుణెలో సోల్జర్లు ఇళ్లలో చొరబడి సామాను వీధిలో పారేశారు. 2020లో కరోనా వచ్చినోళ్ల ఇళ్లకి కాగితాలు అంటించి వెలివేసినట్టు చేశారు. ఆ ఏడాది డిసెంబరు 9న సుప్రీంకోర్టు చెప్పింది, సంబంధిత అధికారి విపత్తు చట్టం కింద ప్రత్యేకంగా ఆదేశిస్తే తప్ప అట్లా అంటించకూడదని. కాబట్టి మనం రెండూ అడగాలి. లెక్క నిజంగా రాయాలి. మనిషి పేరు వైద్యుడి దగ్గరే ఉండాలి, గోడ మీదికీ మైకులోకీ రాకూడదు. దాచిపెడితే పరువు దక్కుతుందనుకోవటం పొరపాటు. దాచినా ఊరోళ్లకి తెలుస్తూనే ఉంది, తెలియంది కాలవ కట్టాల్సిన ఆఫీసుకే.

బళ్లో పనిచేసేవాళ్లకి ఒక మాట. మన హాజరు పట్టీ ఏ ఆస్పత్రి రిజిస్టరుకీ తీసిపోదు. మాదిగపల్లె నుంచి వచ్చే పిల్లలు సోమవారం నలుగురు, మంగళవారం ఏడుగురు రాలేదంటే మిరపకాయల కోతలైనా అయ్యుండాలి, జ్వరాలైనా అయ్యుండాలి. కోతల రోజులేవో మనకి తెలుసు. మిగతా రోజుల్లో ‘ఎందుకు రాలేదురా’ అనడిగి, ఆ సాయంత్రమే ఏఎన్‌ఎంకి చెప్పటం అయిదు నిమిషాల పని. నేను చెప్పటమే కాదు, తేదీ వేసి కాగితం మీద రాసిచ్చి రెండో కాపీ మీద సంతకం తీసుకుంటున్నాను. మొదట్లో ఆ పిల్ల భయపడింది. ఇప్పుడు ఆ కాగితమే ఆమెకి అండ. డాక్టరు ‘ఇన్ని ఎందుకు వేశావు’ అంటే ‘హైస్కూలు మాస్టారు రాసిచ్చారండీ’ అని చూపిస్తోంది.

సంఘం కుర్రోళ్లు పల్లెకొక నోటుపుస్తకం పెట్టాలి. ఏ ఇంట్లో, ఏ తేదీన, ఏం లక్షణం. డాక్టరీ చెయ్యొద్దు, లెక్క చాలు. పదిళ్లు దాటిన రోజే పీహెచ్‌సీ డాక్టరుకి రాతపూర్వకంగా ఇవ్వాలి, 104కి కూడా ఫోన్ చెయ్యాలి. గ్రామ ఆరోగ్య పారిశుధ్య పోషణ కమిటీ అని ప్రతి ఊళ్లో కాగితం మీద ఒకటుంటుంది, దానికి ఏటా పదివేల నిధి అని లెక్క. అందులో మన పల్లె సభ్యులెవరో, ఆ డబ్బు ఏ కాలవకి పోయిందో సర్పంచిని అడగండి. 2005 సమాచార హక్కు చట్టం కింద పీహెచ్‌సీకి ఒక అర్జీ పెట్టి, పోయిన వానాకాలంలో మన సబ్ సెంటరు నుంచి వెళ్లిన ఎస్ ఫారం లెక్కలు ఇమ్మనండి. ముప్పై రోజుల్లో ఇవ్వాలి. పేర్లు అడగొద్దు, అంకెలే అడగండి. వచ్చిన అంకెల్ని మన నోటుపుస్తకం పక్కన పెట్టి చూడండి.

ఏఎన్‌ఎంల మీదికి దండెత్తమని నేను చెప్పటంలేదని మళ్లీ చెబుతున్నా. కొన్నిచోట్ల మన ఉత్సాహవంతులు ముందు దొరికిన ఆడమనిషి మీద అరిచి వస్తారు, అది తేలిక కాబట్టి. నిజం రాసిన ఏఎన్‌ఎంకి మెమో ఇస్తే ఆ మెమో కాపీ తెచ్చుకుని జిల్లా వైద్యాధికారి ఆఫీసు ముందు మనమే కూచోవాలి. ఆ సంగతి ఆమెకి ముందే చెప్పాలి కూడా. ట్రైనింగు ఇచ్చేటప్పుడు పదిళ్ల లెక్క, కామెర్ల లెక్క, టీబీ చట్టం తెలుగులో అచ్చువేసి ప్రతి సబ్ సెంటరు గోడకి, ప్రతి ఆరెంపీ బల్లకి, ప్రతి మందుల షాపుకి అంటించమని మండల సమావేశాల్లో తీర్మానాలు పెట్టాలి.

వచ్చే సంచిక లోపల మీమీ సబ్ సెంటర్లలో ఈ ఒక్క ప్రశ్న అడగండి: ఎన్నిళ్లు దాటితే హెచ్చరిక? వాళ్లేం జవాబు చెప్పారో ఊరి పేరుతో కార్డు రాసి పత్రికకి పంపండి. ఉద్యోగి పేరు రాయొద్దు.